పేరు చెప్పని డబ్బు: విస్కాన్సిన్ అనుభవం

(మహిళా సంస్థల కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో నాకిచ్చిన అంశం ‘నిధులు – రాజకీయాలు’. నిధులు అనగానే మనందరికీ ముందు మన సంస్థల లెక్కలే గుర్తుకొస్తాయి. ఎవరిచ్చారు, ఎంత ఇచ్చారు, దేనికిచ్చారు, రసీదు ఏది అన్న ప్రశ్నలకి జవాబులు చెప్పీ చెప్పీ అలిసిపోయి ఉన్నాం. అందుకని ఇవాళ ఎదుటి పక్షం నిధుల గురించి మాట్లాడదామనుకున్నాను. స్త్రీల ఉద్యోగాల్నీ, పిల్లల ఆరోగ్యాన్నీ దెబ్బతీసే చట్టాలకి ఊరూరా ప్రచారం చేసిపెట్టే సంస్థలుంటాయి. వాటికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? అది తెలుసుకోవడం ఎందుకంత కష్టం?

దీనికి నేను తీసుకున్న ఉదాహరణ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం. అంత దూరం పోవడానికి కారణం ఒక్కటే. ఇలాంటి సంస్థల లోపలి కాగితాలు బయటకి రావడం ఎక్కడైనా అరుదు. విస్కాన్సిన్‌లో వచ్చాయి. ఒక న్యాయ విచారణ జరిగింది, అది ఆగిపోయింది, ఆ కాగితాల్ని నాశనం చెయ్యమని కోర్టు చెప్పింది. అయినా 2016 సెప్టెంబరులో గార్డియన్ పత్రిక దాదాపు 1500 పేజీలు ప్రచురించింది. వాటిలో చందా ఇచ్చినవాళ్ళ పేర్లున్నాయి. అసలు కథ ఆ పేర్లలోనే ఉంది.

ముందు ఆ రాష్ట్రం గురించి కొంచెం చెప్పాలి. విస్కాన్సిన్ పాడికీ, జున్నుకీ పేరుపడ్డ ప్రాంతం. దానికి గట్టి కార్మిక చరిత్ర కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగులకి సమిష్టి బేరసారాల హక్కు ఇస్తూ 1959లో అమెరికాలో మొట్టమొదట చట్టం చేసిన రాష్ట్రం అదే. ప్రభుత్వ ఉద్యోగుల పెద్ద యూనియన్ ఒకటి 1930లలో ఆ రాజధాని మాడిసన్‌లోనే పుట్టింది. అటువంటి రాష్ట్రంలో 2010 నవంబరు ఎన్నికల్లో రిపబ్లికన్ పార్టీకి చెందిన స్కాట్ వాకర్ గవర్నరుగా గెలిచాడు. (అక్కడ గవర్నరంటే మన రాజ్‌భవన్ గవర్నరు కాదు. ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు, అధికారంలో మన ముఖ్యమంత్రి లాంటివాడు.) 2011 ఫిబ్రవరిలో అతను ఒక బిల్లు తెచ్చాడు. మార్చి 11న సంతకం పెట్టాడు. అక్కడివాళ్ళు దాన్ని ‘యాక్ట్ 10’ అంటారు.

యాక్ట్ 10 ఏం చేసిందో వివరంగా చెప్పుకుందాం. యూనియన్ పెట్టుకోవచ్చు, కానీ మూల జీతం తప్ప ఇంక దేని గురించీ బేరమాడకూడదు. పనిగంటలు, సెలవులు, తరగతిలో ఎంతమంది పిల్లలుండాలి, వార్డులో ఒక నర్సు ఎంతమంది రోగుల్ని చూడాలి, ఇవేవీ చర్చకి రావు. మూల జీతం కూడా ధరల పెరుగుదల మేరకే పెరగాలి. యూనియన్ చందా జీతంలోంచి మినహాయించడం బంద్. ఇవన్నీ ఒక ఎత్తు, నన్ను బాగా ఆలోచింపజేసిన నిబంధన ఇంకొకటి ఉంది. ప్రతి ఏడూ యూనియన్ తన ఉనికికి మళ్ళీ ఓటింగు పెట్టించుకోవాలి. వోట్లేసినవాళ్ళలో మెజారిటీ సరిపోదు, మొత్తం ఉద్యోగుల్లో సగానికి పైగా అనుకూలంగా ఓటెయ్యాలి. అంటే ఆ రోజు ఒంట్లో బాగాలేక రానామె, పిల్లాడికి జ్వరమొచ్చి రానామె, అందరూ వ్యతిరేకించినట్టే లెక్క! ఈ పద్ధతిలో ఎన్నికలు పెడితే ఏ దేశంలోనూ ఏ ప్రజాప్రతినిధీ గెలవడు.

ఇక స్త్రీల దృష్టితో చూడవలసిన సంగతి. ఈ చట్టం ప్రభుత్వ ఉద్యోగుల్ని రెండు ముక్కలు చేసింది. పోలీసులూ అగ్నిమాపక సిబ్బందీ ‘ప్రజాభద్రత’ ఉద్యోగులు, వాళ్ళ హక్కులు వాళ్ళకుంటాయి. టీచర్లు, నర్సులు, గుమాస్తాలు, బడుల్లో వంటచేసేవాళ్ళు ‘సాధారణ’ ఉద్యోగులు, వాళ్ళకి పోతాయి. మగవాళ్ళు ఎక్కువగా చేసే పని భద్రత అయింది, ఆడవాళ్ళు ఎక్కువగా చేసే పని సాధారణం అయింది. ఇళ్ళకి వెళ్ళి ముసలివాళ్ళకీ వికలాంగులకీ సేవచేసే కార్మికులు, ఇంట్లోనే పదిమంది పిల్లల్ని చూసుకునే స్త్రీలు అంతకుముందు కొద్దికాలం క్రితమే బేరసారాల హక్కు సంపాదించుకున్నారు. వాళ్ళది కూడా అదే బిల్లులో కొట్టేశారు. బిల్లులో ఎక్కడా స్త్రీ అన్న మాట లేదు. అందుకే అది స్త్రీల సమస్యగా చాలామందికి కనపడలేదు.

ప్రజలు ఊరుకోలేదు. ఆ చలికాలంలో మాడిసన్ శాసనసభ భవనంలో రాత్రింబవళ్ళు పడుకున్నారు. బయట పదుల వేలమంది చేరారు. టీచర్లు సెలవు పెట్టి వచ్చారు. ఓటింగు జరగకుండా 14 మంది డెమోక్రటిక్ సెనేటర్లు పక్క రాష్ట్రం ఇలినాయ్‌కి వెళ్ళి కూర్చున్నారు. అయినా బిల్లు చట్టమయింది. అప్పుడు రీకాల్ ఎన్నికలు, అంటే ఎన్నుకున్నవాళ్ళని మధ్యలో వెనక్కి పిలిచే ఎన్నికలు వచ్చాయి. 2011 వేసవిలో 9 మంది సెనేటర్ల మీద, 2012 జూన్ 5న ఏకంగా గవర్నరు మీద. సెనేట్‌లో ఇద్దరు రిపబ్లికన్లు ఓడిపోయారు గానీ ఒక్క సీటు ఆధిక్యంతో వాళ్ళే నిలిచారు. వాకర్ 53 శాతం ఓట్లతో గట్టెక్కాడు. రీకాల్ ఎన్నికలో గెలిచిన మొదటి అమెరికన్ గవర్నరు అతనే.

ఈ పదిహేను నెలలూ విస్కాన్సిన్ టీవీల నిండా ప్రకటనలే. వాటిలో చాలావాటి వెనక ఉన్న సంస్థ పేరు ‘విస్కాన్సిన్ క్లబ్ ఫర్ గ్రోత్’. అభివృద్ధి కోసం క్లబ్బు! ఇది రాష్ట్రస్థాయిలో పనిచేసే మితవాద ప్రచార సంస్థ. పన్నులు తగ్గాలి, ప్రభుత్వం చిన్నదవాలి, యూనియన్లు బలహీనపడాలి అన్నది దాని సిద్ధాంతం. పార్టీ కాదు, సభ్యత్వ ఉద్యమమూ కాదు. ఆ అభిప్రాయాలుండటం నేరం కాదు, వాటిని ప్రచారం చేసుకునే హక్కు వాళ్ళకుంది. ఆ హక్కు గురించి నాకు తగాదా లేదు. ప్రకటనల్లో ఏం చెప్పారో, వాటికి డబ్బు కట్టినవాళ్ళకి ఏం కావాలో, ఆ రెంటికీ మధ్య ఉన్న దూరమే నా విషయం.

2011 ఫిబ్రవరిలో వచ్చిన ప్రకటన చూడండి. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో కార్మికులు జీతాల కోతలు భరించారు, ప్రభుత్వ ఉద్యోగులు మాత్రం పెన్షనుకీ ఆరోగ్య బీమాకీ దాదాపు ఏమీ కట్టడం లేదు, ఇది న్యాయమా అన్నది దాని సారాంశం. ఒక కార్మికుడి ఇంట్లో కూర్చుని చూస్తే అది మనసుకి ఎక్కే మాటే. మా ఆయన మిల్లులో జీతం తగ్గింది, పక్కింటి పంతులమ్మకి తగ్గలేదు అన్న బాధని తీసుకుని, దాన్ని పంతులమ్మ వైపు తిప్పారు. మిల్లులో జీతం ఎవరు తగ్గించారన్న ప్రశ్న అక్కడ రాదు.

ఇప్పుడు డబ్బు వ్యవహారం. అమెరికా పన్నుల చట్టంలో 501(సి)(4) అన్న తరగతి సంస్థలుంటాయి. వాటిని ‘సమాజ సంక్షేమ’ సంస్థలంటారు. పేరు చూసి మోసపోకండి. అవి రాజకీయ ప్రచారం కొంతవరకూ చెయ్యొచ్చు, చందాదార్ల పేర్లు మాత్రం ప్రజలకి చెప్పనక్కరలేదు. దీనికి ఇంకో వెసులుబాటు తోడయింది. 1976లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పులో ‘ఫలానావారికి ఓటెయ్యండి’, ‘ఫలానావారిని ఓడించండి’ లాంటి సూటి మాటలుంటేనే ఎన్నికల ఖర్చు నియంత్రణ వర్తిస్తుందన్న గీత గీసింది. ఆ మాటలు తప్పించి ‘ఫలానా సెనేటరుకి ఫోను చేసి మీ అభిప్రాయం చెప్పండి’ అని ముగిస్తే అది ‘సమస్య మీద ప్రచారం’ అయిపోతుంది. ఎన్నికకి వారం ముందు అభ్యర్థి ఫొటో చూపించి తిట్టిపోసినా సరే! 2010 జనవరిలో ‘సిటిజన్స్ యునైటెడ్’ తీర్పు వచ్చాక కంపెనీలు తమ ఖజానాల్లోంచి నేరుగా ఎన్నికల ప్రచారానికి స్వతంత్రంగా ఖర్చుపెట్టే దారి పూర్తిగా తెరుచుకుంది. విస్కాన్సిన్‌లో అప్పటికీ అభ్యర్థికి కంపెనీ డబ్బు ఇవ్వడం నిషిద్ధమే. అభ్యర్థికి ఇవ్వకూడదు, క్లబ్బుకి ఇవ్వొచ్చు. అదీ కిటుకు.

బయటపడ్డ కాగితాలు చెప్పేదేమిటంటే, గవర్నరే ఈ క్లబ్బు కోసం చందాలు అడిగాడు. అతని ఎన్నికల సలహాదారే ఈ క్లబ్బుకీ సలహాదారు. ధనవంతుల్ని కలవబోయే ముందు సహాయకులు గవర్నరుకి రాసిచ్చిన సూచనల్లో ఒక మాట మళ్ళీమళ్ళీ వస్తుంది. క్లబ్బుకి ఇస్తే పరిమితి లేదని, కంపెనీ డబ్బయినా ఫరవాలేదని, పేరు ఎక్కడా బయటకి రాదని గట్టిగా చెప్పండి అని. గోప్యత ఇక్కడ ఒక సరుకు. దాన్ని చూపించి అమ్మారు.

ఎవరు కొనుక్కున్నారు? హెరాల్డ్ సిమన్స్ అనే టెక్సాస్ కోటీశ్వరుడు 2011-12లో ఈ క్లబ్బుకి మొత్తం 7 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చాడు. టెక్సాస్‌లో ఉండేవాడికి విస్కాన్సిన్ టీచర్ల పెన్షన్లతో ఏం పని? అతని ఆధీనంలో ఎన్.ఎల్. ఇండస్ట్రీస్ అనే కంపెనీ ఉండేది. పాత పేరు నేషనల్ లెడ్. ఇంటిగోడలకి వేసే రంగుల్లో కలిపే సీసం తెలుపు తయారుచేసిన కంపెనీల్లో అదొకటి.

సీసం గురించి ఇక్కడ కాసేపు ఆగుతాను. ఇళ్ళ రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. కానీ అంతకుముందు కట్టిన ఇళ్ళలో ఆ రంగు అలాగే ఉంది. మిల్వాకీ నగరంలో పాత అద్దె ఇళ్ళు ఎక్కువ, వాటిలో ఉండేది ఎక్కువగా పేద నల్లజాతి కుటుంబాలు. కిటికీ తెరిచి మూసినప్పుడల్లా రంగు పెచ్చులు రాలుతాయి, పొడవుతాయి. పాకే పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. సీసం మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. చదువు వెనకబడుతుంది, నిలకడ ఉండదు, పోయింది తిరిగిరాదు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉంటే ఫరవాలేదు అని చెప్పగల స్థాయి ఏదీ లేదని వైద్యులు అంటున్నారు. ఆ తరవాత ఆ బిడ్డ చుట్టూ పెరిగే పని ఎవరిదో నేను మీకు చెప్పక్కర్లేదు. ఆస్పత్రులకి తిరగడం, బడికి వెళ్ళి బతిమాలుకోవడం, అందుకోసం ఉద్యోగం వదులుకోవడం తల్లి వంతు.

ఈ కుటుంబాలు కోర్టుకి వెళితే ఒక చిక్కు ఉండేది. గోడమీద నాలుగు పొరల రంగుంటే అందులో సీసం ఏ కంపెనీదో ఎలా రుజువు చెయ్యాలి? 2005లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు, ఫలానా కంపెనీదే అని రుజువు చెయ్యలేకపోయినా ఆ సరుకు తయారుచేసిన కంపెనీల మీద దావా వెయ్యొచ్చని తీర్పిచ్చింది. ఒక పిల్లవాడి తరఫున వేసిన కేసులో వచ్చిన తీర్పది. కంపెనీలకి అది గుండెల్లో రాయి. 2011 జనవరిలో వాకర్ పదవిలోకి రాగానే చేసిన తొలి చట్టాల్లో ఒకటి ఈ దారిని ఇకముందు కేసులకి దాదాపు మూసేసింది. అప్పటికే కోర్టులో ఉన్న పిల్లల కేసులు మిగిలిపోయాయి. 2013 బడ్జెట్ బిల్లులో ఒక చిన్న నిబంధన ఇరికించి, వాటికి కూడా ఈ నిషేధాన్ని వెనకటి తేదీ నుంచి వర్తింపజేశారు. ఈ రెంటికీ మధ్య కాలంలో పడింది ఆ ఏడున్నర లక్షల చందా. 2014లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు, వెనకటి తేదీ నుంచి వర్తింపజెయ్యడం విస్కాన్సిన్ రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది కాబట్టి ఆ కేసులు బతికాయి. లేకపోతే ఆ పిల్లలకి కోర్టు తలుపు కూడా మూతపడేది.

డబ్బిచ్చినందుకే చట్టం చేశారని ఏ కోర్టూ నిర్ధారించలేదు. ఈ విచారణలో ఎవరిమీదా కేసు పెట్టలేదు కూడా. అది మనం స్పష్టంగా చెప్పుకోవాలి, లేకపోతే మనకీ ఆ ప్రకటనలు తీసినవాళ్ళకీ తేడా ఉండదు. నేనంటున్నది ఇంకొకటి. మిల్వాకీలో ఒక తల్లి టీవీలో ఆ ప్రకటన చూసిందనుకోండి. అందులో సీసం మాట లేదు. టీచర్ల పెన్షన్ల మాట ఉంది. సీసం తిన్న బిడ్డలకి ఓపిగ్గా అక్షరాలు దిద్దించేది ఆ టీచర్లే. ఆ టీచర్ల మీద ఆ తల్లికి కోపం తెప్పించే ప్రచారానికి ఖర్చుపెట్టినవాళ్ళలో సీసం కంపెనీ యజమాని ఒకడు. ఈ సంగతి ఆమెకి ఓటేసే ముందు తెలిసే మార్గం లేదు. తెలిసిన తరవాత ఆమె అదే ఓటు వేసి ఉండొచ్చు, వెయ్యకపోయి ఉండొచ్చు. ఆలోచించుకునే అవకాశమే ఆమెకి ఇవ్వలేదు.

ఇంకో రెండు పేర్లు. గొజెబిక్ టాకొనైట్ అనే ఇనుప ఖనిజం కంపెనీ 7 లక్షల డాలర్లు ఇచ్చింది. 2014లో కోర్టు దస్తావేజుల్లో ఈ సంగతి బయటపడింది. ఆ కంపెనీ రాష్ట్రం ఉత్తర భాగంలోని పెనోకీ కొండల్లో పెద్ద గని తవ్వుదామనుకుంది. కొండ కింద ఓజిబ్వే ఆదివాసుల బాడ్ రివర్ తెగ ఉంటుంది. వాళ్ళకి పవిత్రమైన అడవివరి పండే మడుగులు ఆ నీళ్ళమీదే ఆధారపడ్డాయి. గనుల అనుమతులు సులభం చేస్తూ 2013లో చట్టం వచ్చింది. కంపెనీ మాత్రం 2015లో తట్టాబుట్టా సర్దుకుపోయింది, చట్టం మిగిలింది. రెండోది జాన్ మెనార్డ్ అనే ఇంటిసామాను దుకాణాల గొలుసు యజమాని. ఈయన 15 లక్షల డాలర్లకు పైగా ఇచ్చాడని 2015లో వెలుగులోకి వచ్చింది. ఈయన కంపెనీకి పన్ను రాయితీలిచ్చిన ప్రభుత్వ సంస్థకి అప్పట్లో అధ్యక్షుడు గవర్నరే.

దీనికి పోలికగా ఒక స్త్రీ సంగతి చెప్పాలి. డయాన్ హెండ్రిక్స్ అనే ఆమె పైకప్పు సామాను వ్యాపారంలో కోటీశ్వరురాలు. ఈమె వాకర్‌కి 5 లక్షల డాలర్లు బాహాటంగా ఇచ్చింది. రీకాల్ ఎదుర్కొంటున్నవాళ్ళకి అప్పట్లో చందా పరిమితి కొంతకాలం తొలగిపోయేది. 2011 జనవరిలో ఈమె యూనియన్ల గురించి అడిగితే, ముందు ప్రభుత్వ ఉద్యోగుల బేరసారాల సంగతి చూస్తాం, విభజించి జయించాలి కదా అన్న అర్థంలో వాకర్ జవాబు చెప్పిన వీడియో 2012 మేలో బయటకొచ్చింది. ఈమె రాజకీయాలు నాకు బొత్తిగా గిట్టవు. కానీ ఆమె పేరు చెప్పి ఇచ్చింది కాబట్టి జనం ఆమెని ప్రశ్నించగలిగారు, ఆ వీడియోకి అర్థం చెప్పుకోగలిగారు. మన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్ళు వేలంపాట దగ్గరికి పోయి నిలబడగలిగారంటే అక్కడ కంట్రాక్టరు కళ్ళెదుట ఉన్నాడు. ఎదుట మనిషే లేకపోతే ఎవరిని నిలదీస్తాం?

ఇక విచారణ కథ. మిల్వాకీ జిల్లా ప్రాసిక్యూటరు 2012లో మొదలుపెట్టాడు, తరవాత మొత్తం ఐదు జిల్లాలకి పాకింది. గవర్నరు ప్రచారమూ క్లబ్బూ కుమ్మక్కై ఎన్నికల చట్టాన్ని తప్పించుకున్నాయా అన్నది ప్రశ్న. 2013 అక్టోబరులో సమన్లు, ఇళ్ళలో సోదాలు. క్లబ్బువాళ్ళు వాక్‌స్వాతంత్ర్యం పేరుతో ఎదురు దావా వేశారు. చివరికి 2015 జులై 16న రాష్ట్ర సుప్రీంకోర్టు 4-2 తేడాతో విచారణని ఆపేసి, సూటిగా ఓటు అడగని ప్రచారం విషయంలో అభ్యర్థీ సంస్థా కలిసి పనిచేసినా తప్పులేదని చెప్పింది.

విస్కాన్సిన్‌లో సుప్రీంకోర్టు జడ్జీలు కూడా ఎన్నికల్లో గెలిచి రావాలి. మెజారిటీలోని జడ్జీల్లో కొందరి ఎన్నికలకి ఈ క్లబ్బూ, రాష్ట్ర పారిశ్రామికవేత్తల సంఘమూ పెద్ద ఎత్తున ఖర్చుపెట్టాయి. మీరు ఈ కేసు నుంచి తప్పుకోండని ప్రాసిక్యూటరు అడిగితే తప్పుకోలేదు. ప్రచారపు ఖర్చు ఒక్కటే కారణంగా జడ్జి తప్పుకోనక్కర్లేదన్న నియమాన్ని ఆ కోర్టు 2010లోనే చేసుకుంది. ఆ నియమం ముసాయిదా ఎవరు రాసిచ్చారంటారు? ఆ పారిశ్రామికవేత్తల సంఘమూ, స్థిరాస్తి వ్యాపారుల సంఘమూ! ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ నలుగురు మెజారిటీలో ఇద్దరు స్త్రీలు. భిన్నాభిప్రాయం గట్టిగా రాసిందీ స్త్రీయే, షర్లీ అబ్రహాంసన్. 1976లో ఆ కోర్టుకి వచ్చిన తొలి మహిళా జడ్జి. ఆమె ఎన్నో ఏళ్ళపాటు ప్రధాన న్యాయమూర్తి. 2015 ఏప్రిల్‌లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి ఆమెని ఆ పదవి నుంచి దించారు. న్యాయస్థానాల్లో స్త్రీల సంఖ్య గురించి మనం మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలిపి చూడాలి.

అదే ఏడాది చివర్లో శాసనసభ మిగతా పని పూర్తిచేసింది. ఆ తరహా రహస్య విచారణలు రాజకీయ నేరాలకి వర్తించకుండా చేశారు. ఎన్నికల చట్టాన్ని తిరగరాశారు. రిటైర్డ్ జడ్జీలతో పార్టీలకతీతంగా నడిచే జవాబుదారీ బోర్డుని రద్దుచేసి, దాని స్థానంలో పార్టీలు నియమించే కమిషన్లు పెట్టారు.

ఇక్కడ మనకి మనం ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేసుకోవాలి. తెల్లవారకముందే ఇళ్ళమీదికి పోలీసులు రావడం, కంప్యూటర్లు పట్టుకుపోవడం, ఈ విషయం ఎవరితోనూ మాట్లాడకూడదని ఆంక్ష పెట్టడం... ఇవి మనకి తెలియనివా? మన పౌరహక్కుల మిత్రుల ఇళ్ళలో ఏం జరిగిందో మనం చూడలేదా? ఎదుటివాళ్ళ ఇళ్ళలో జరిగితే చప్పట్లు కొట్టలేం. చందాదారు పేరు గోప్యంగా ఉండాలన్న వాదన కూడా తీసిపారేసేది కాదు. 1956లో అలబామా రాష్ట్రం నల్లజాతివారి హక్కుల సంస్థని సభ్యుల జాబితా ఇమ్మంది. ఇచ్చి ఉంటే ఆ సభ్యుల ఉద్యోగాలు పోయేవి, ప్రాణాలమీదికి వచ్చేది. ఇవ్వనక్కర్లేదని 1958లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. చందాల గోప్యతని సమర్థించేవాళ్ళు తరచు చూపించేది ఈ కేసునే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. భర్తకి తెలియకుండా పది రూపాయల చందా కట్టి సంఘంలో చేరిన స్త్రీ పేరూ, చట్టం మారితే కోట్లు మిగిలే కంపెనీ యజమాని పేరూ ఒకే తక్కెడలో పెట్టకూడదు. మొదటామెకి గోప్యత రక్షణ. రెండోవాడికి అది పెట్టుబడిలో ఒక భాగం. ఎక్కడ గీత గియ్యాలన్నది తేలిక కాదు, ఎంత మొత్తం దాటితే పేరు చెప్పాలన్న దాని మీద నిజాయితీగా వాదించుకోవచ్చు. గీతే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

డెమోక్రాట్ల పక్షాన కూడా పేర్లు చెప్పని చందాలతో ప్రకటనలు నడిపిన సంస్థలు విస్కాన్సిన్‌లో ఉన్నాయి. యూనియన్లూ ఆ ఎన్నికల్లో కోట్ల డాలర్లు ఖర్చుపెట్టాయి. యూనియన్ డబ్బు ఎవరిదో, ఎందుకిస్తున్నారో చూసేవాళ్ళకి తెలుసు, అది తేడా. కానీ మనకి ఇష్టమైన పక్షం ముసుగేసుకుంటే ఊరుకోవచ్చనడం కుదరదు.

మన దగ్గరకి వస్తే, మీలో చాలామంది ఎఫ్‌సీ-4 ఫారం నింపినవాళ్ళే. విదేశీ విరాళాల చట్టం కింద ఏటా ఒక్కో దాత పేరూ, మొత్తమూ రాసిస్తాం. 2020 సవరణ తరవాత ఒక సంస్థ ఇంకో చిన్న సంస్థకి ఆ డబ్బు ఇవ్వకూడదు. ఖాతా ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖలో తెరవాలి. కార్యాలయపు ఖర్చు 20 శాతం దాటకూడదు. అదే చట్టాన్ని రాజకీయ పార్టీల కోసం 2018లో 1976 నాటి నుంచి వర్తించేటట్టు సడలించారు! అదే ఏడు ఎన్నికల బాండ్లు వచ్చాయి. కంపెనీ ఎంతయినా ఇవ్వొచ్చు, ఎవరికిచ్చిందో చెప్పనక్కర్లేదు. 2024 ఫిబ్రవరి 15న మన సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. పార్టీకి డబ్బెవరిచ్చారో తెలుసుకోవడం ఓటరు హక్కు అంది. ఆ మార్చిలో జాబితాలు బయటకొచ్చాక మనం పత్రికల్లో ఏ కంపెనీకి ఏ కంట్రాక్టు అని వెతుక్కున్నాం కదా, విస్కాన్సిన్ వాళ్ళు 2016లో చేసింది అదే పని. రెండు చోట్లా చాలా ఎన్నికలు అయిపోయాకే తెలిసింది.

అయిపోయాక తెలిస్తే ఏమవుతుందో చెప్పి ఆపేస్తాను. యాక్ట్ 10 వచ్చేముందు 2010లో విస్కాన్సిన్ ఉద్యోగుల్లో 14 శాతానికి పైగా యూనియన్లలో ఉండేవారు. 2016 నాటికి 8 శాతానికి పడిపోయారు. 2024 డిసెంబరు 2న మాడిసన్‌లో ఒక జిల్లా జడ్జి యాక్ట్ 10లో చాలా భాగం చెల్లదన్నాడు. ప్రజాభద్రత, సాధారణం అన్న ఆ విభజనకి హేతువే లేదని అతని కారణం. శాసనసభ భవనాన్ని కాపలా కాసే పోలీసుల్ని కూడా ‘సాధారణం’లో వేశారు మరి! ఆ తీర్పు మీద అప్పీలుకి వెళ్ళారు.

మాడిసన్‌లోనే విశ్వవిద్యాలయ ఆస్పత్రి ఉంది. అక్కడి నర్సుల ఒప్పందం 2014లో గడువు తీరింది. యాక్ట్ 10ని చూపించి యాజమాన్యం యూనియన్‌ని గుర్తించడం మానేసింది. కోవిడ్ రోజుల్లో ఆ వార్డులు నడిపింది ఆ నర్సులే. ఒక్కొక్కరు చూసే రోగుల సంఖ్య తగ్గించాలని, యూనియన్‌ని గుర్తించాలని 2022 సెప్టెంబరులో సమ్మెకి సిద్ధపడ్డారు. ఆఖరి నిమిషంలో ఒడంబడిక కుదిరి, సమస్య కోర్టులకి వెళ్ళింది. 2025 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఈసారి ఏకగ్రీవం. నర్సులతో బేరసారాలు జరపాలన్న మాటలు పాత చట్టంలో ఉండేవి, 2011లో శాసనసభ వాటిని తీసేసింది, కాబట్టి ఆస్పత్రికి ఆ బాధ్యత లేదు అని.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.